ఆయనకు వినపడని చప్పుడు

మా ఆయన చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసేవారు. పత్తి నుంచి గింజను వేరు చేసే జిన్నులు పొడవాటి షెడ్డులో రెండు వరసలుగా ఉండేవి. సీజన్లో అవన్నీ ఒకేసారి తిరుగుతుంటే, పక్కనున్న మనిషి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట అందేది కాదు. ఆ రొదలో కూడా ఏ జిన్నులో రోలరు అరిగిందో, ఏ బేరింగుకు గ్రీజు తక్కువైందో ఈయన గేటు దగ్గర నిలబడే చెబుతారని మిల్లులో పేరు. యజమాని పాత మిషన్లు కొనడానికి ఎక్కడికెళ్ళినా ఈయన్ను వెంట తీసుకెళ్ళేవాడు. "నువ్వు విను, నేను బేరమాడతా" అనేవాడట. పెళ్ళయిన కొత్తలో ఈ మాట నాకు చాలాసార్లు చెప్పారు.

తొంభైల చివర్లో పురుగు పత్తిని తినేసిన ఏళ్ళలో మిల్లుకు సరుకు తగ్గిపోయింది. ఒక సీజను సగంలో ఆపేశారు, తర్వాతి సీజను అసలు తెరవనే లేదు. కొన్నాళ్ళు ఆయన పొద్దున్నే మిల్లు గేటు దాకా వెళ్ళి, అక్కడున్నవాళ్ళతో కాసేపు మాట్లాడి తిరిగొచ్చేవారు. ఆ తర్వాత మిల్లు వాళ్ళిచ్చిన సొమ్ముతో, గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి వాడి వదిలేసిన తెల్ల డీజిలు కారు కొన్నారు. కొనేముందు బానెట్ ఎత్తించి, కళ్ళు మూసుకుని ఇంజను విన్నారు. "మంచి ఇంజను" అన్నారు. నేను ఎయిడెడ్ స్కూల్లో టీచర్ని. నెల తిరిగేసరికి నా జీతం వస్తుంది కదా అని నేనూ కాదనలేదు.

టాక్సీ పర్మిటు వచ్చాక పనికి లోటు లేదు. మిర్చి యార్డుకు వెళ్ళే వ్యాపారులు, గుంటూరు ఆస్పత్రులకు వెళ్ళే రోగులు, పెళ్ళిచూపులకు అద్దంకి వైపో నరసరావుపేట వైపో వెళ్ళే కుటుంబాలు పిలిచేవాళ్ళు. ఆయనకు మనుషుల కంటే బండితోనే ఎక్కువ కుదిరింది. ఖాళీ ఉన్నప్పుడల్లా తుడుస్తూ ఉండేవారు.

మా వంటింటి కిటికీ పక్క సందులోకి తెరుచుకునేది. కారు ఆ సందులోనే, సరిగ్గా కిటికీ కింద ఉండేది. పొద్దున్నే నేను పాలు కాస్తుంటే ఆయన తాళం తిప్పేవారు. కారు కొన్న రెండో ఏడు చలికాలంలో అనుకుంటాను, ఇంజను అందుకోగానే ఒక కొత్త చప్పుడు మొదలైంది. స్టీలు డబ్బాలో గుప్పెడు మేకులు వేసి ఆడించినట్టు గలగలమనేది. రెండు మూడు క్షణాలు ఉండి, ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆ తర్వాత ఇంజను ఎప్పటిలాగే నడిచేది.

"ఏవండీ, కారులో ఏదో గలగలమంటోంది" అన్నాను.

"ఎక్కడ?"

"ముందు భాగంలో. స్టార్ట్ చెయ్యగానే."

ఆయన నవ్వారు. "డీజిలు బండే అది. సన్నాయి వాయిస్తదనుకున్నావా?"

రెండు రోజుల తర్వాత మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయన నన్ను సందులోకి పిలిచి, ఇంజను ఆపి, నా ముందే మళ్ళీ స్టార్ట్ చేశారు. ఏ చప్పుడూ రాలేదు.

"ఏదీ?"

"ఇందాక వచ్చింది."

"ఇందాక వచ్చింది ఇప్పుడెక్కడికి పోయింది?"

గమనిస్తూ ఉండగా నాకు అర్థమైందేమిటంటే, అది చల్లారిన ఇంజనుకే వస్తోంది. ఒకసారి నడిచిన బండిని ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే రావటం లేదు. కిరాయి లేక ఒక రోజంతా నిలబడి ఉంటే, మర్నాడు కాస్త ఎక్కువసేపు వస్తోంది. ఇది చెబితే ఆయన, "బండికి జలుబు చేసిందంటావు" అన్నారు.

హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న ఒక మెకానిక్ ఉండేవాడు. అంతకుముందు మిల్లు లారీలు చూసేవాడు కాబట్టి ఈయనంటే గౌరవం. నా నస పడలేక ఒక మధ్యాహ్నం ఆయన నన్ను కూడా ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళారు. మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజనును రెండు మూడుసార్లు ఆపి స్టార్ట్ చేశాడు. ఏమీ రాలేదు. మా ఆయన నా వంక చూసి కనుబొమలు ఎగరేశారు.

మెకానిక్ మాత్రం నన్నడిగాడు. "టీచరమ్మా, పొద్దున మొదటిసారే వస్తందా?"

"అవును. తర్వాత రాదు."

"అయితే ఇయ్యాల బండి ఇక్కడ వదిలేసి పోండి అన్నా. రేప్పొద్దున చల్లటి ఇంజను మీద చూద్దాం."

మర్నాడు నేను స్కూలుకు వెళ్ళేముందు ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. మెకానిక్ ఒక పొడుగు స్క్రూడ్రైవరు మొనను ఇంజను ముందు కవరుకు ఆనించి, పిడిని తన చెవికి ఆనించుకున్నాడు. మా ఆయన తాళం తిప్పారు. గలగల వచ్చింది, ఆగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి కిటికీలోంచి విన్నదానికంటే గట్టిగా ఉంది.

"టైమింగ్ చైను అన్నా. వదులైంది" అన్నాడు మెకానిక్.

"ఏం విని చెబుతున్నావ్?" అన్నారు మా ఆయన.

"అదేందన్నా, అంతలా కొట్టుకుంటంటే!"

"ఇంజను చప్పుడే గదా అది."

మెకానిక్ అది బేరమనుకున్నాడు. నవ్వి, చేతులు తుడుచుకుంటూ వివరంగా చెప్పాడు. ఇంజనులో కింద తిరిగే క్రాంకునూ పైనున్న కామ్‌షాఫ్టునూ కలుపుతూ ఒక గొలుసు ఉంటుందట. వాల్వులు సరైన సమయానికి తెరుచుకోవడం, మూసుకోవడం దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ గొలుసును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిలు ఒత్తిడితో పని చేస్తుంది. బండి ఆగి ఉన్నంతసేపూ ఆయిలు మెల్లగా కిందికి జారిపోతుంది. పొద్దున ఆయిలు మళ్ళీ పైకెక్కేదాకా గొలుసు వదులుగా ఆడుతూ పక్కలకు కొట్టుకుంటుంది.

"సైకిలు చైను సాగితే కవరుకు తగల్దా, అట్టాగన్నమాట" అన్నాడు. "ముందు ఆయిలూ ఫిల్టరూ మార్చి చూద్దాం. ఒక్కోదానికి దాంతోనే పోద్ది. పోకపోతే ముందంతా విప్పి చైను, టెన్షనరు, దాని పట్టీలు అన్నీ మార్చాలి. ఖర్చు గట్టిగానే అవుద్ది."

"అట్లాగే వదిలేస్తే?" అని నేనడిగాను.

"చైను ఒక పన్ను దాటితే బండి లాగదు. ఇంకా దాటితే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతయ్. అప్పుడిక ఇంజను మొత్తం చేసుకోవాల."

ఆయిలూ ఫిల్టరూ మార్పించారు. చప్పుడు పోయింది. ఆ రెండు మూడు వారాలూ ఆయన హుషారుగా ఉన్నారు. ఆ తర్వాత ఒక పొద్దున మళ్ళీ వచ్చింది. ఈసారి ఆగడానికి ఎక్కువసేపు పట్టింది.

చైను మార్పించడానికి మాత్రం ఆయన ససేమిరా అన్నారు. "వాడికి పని కావాలి, నీకు అనుమానం. మీ ఇద్దరి కోసం బాగున్న ఇంజను విప్పించమంటావా? ఇన్నేళ్ళు మిషన్ల మధ్య బతికినోణ్ణి, నాకు వినపడంది మీకెట్టా వినపడుద్ది?"

మిషన్ల విషయంలో ఆయన మాట మీద నాకు నమ్మకం. మెకానిక్ కూడా పని కోసమే అన్నాడేమోనని, కొన్నాళ్ళకు నా చెవులనే అనుమానించడం మొదలుపెట్టాను. ఒక పొద్దున పాలు పోసే ఆవిడ గడప దగ్గర ఉండగా ఆయన కారు స్టార్ట్ చేశారు. ఆవిడ అటు చూసి, "మీ కారు పొద్దున్నే పళ్ళు కొరుకుద్దేందమ్మా?" అంది. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆయనతో చెప్పలేదు. అప్పటికే ఆ సంగతి ఎత్తితే ఆయన ముఖం మాడిపోతోంది.

మా వైపు మామూలు మాటే కేకలాగా ఉంటుంది. అందులోనూ మిల్లులో పనిచేసినవాళ్ళు ఇంట్లో కూడా అరిచే మాట్లాడతారు, వాళ్ళతో మనమూ అరుస్తాం. అందువల్ల ఒక మనిషికి చెవులు తగ్గుతున్నాయంటే చాలాకాలం ఎవరికీ తెలియదు. టీవీ సౌండు పెంచుతుంటే వార్తల మీద ఇష్టమనుకున్నాను. పిలిస్తే పలక్కపోతే పరధ్యానమనుకున్నాను.

ఆ తర్వాతి ఏడు, మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో, ఒంగోలులో స్త్రీల సమాజం కూటం పెట్టారు. మా చర్చి నుంచి పాస్టరుగారి భార్య, ఇంకో ఇద్దరు టీచర్లు, నేను మా కారులోనే బయలుదేరాం. నేను ముందు సీట్లో కూర్చున్నాను. హైవేను నాలుగు వరసలు చేస్తున్న కాలమది. ఎక్కడ చూసినా మట్టి కుప్పలూ, దారి మళ్ళింపులూ. దారిలో మార్టూరులో ఒక టీచరు పుట్టింట్లో ఆగి భోజనాలు చేశాం. వాళ్ళమ్మగారు వదల్లేదు. గోంగూర, చేపల పులుసు, ఆ తర్వాత కబుర్లు. కదిలేసరికి చాలా ఆలస్యమైంది.

ఆయన తాళం తిప్పగానే చప్పుడు వచ్చింది. అప్పటికి కాసేపు ఆపినా వచ్చే దశకు చేరింది కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. ఆగుతుందని ఎదురుచూశాను. ఆగలేదు. కారు వీధి మలుపు తిరిగినా వస్తూనే ఉంది.

వెనక నుంచి పాస్టరమ్మగారు అడిగారు. "అన్నయ్యగారూ, ఏంటండీ ఆ గలగల?"

చప్పుడుకు సరిపడా ఆవిడ గొంతు పెంచే అడిగారు. ఆ ప్రశ్న ఆయనకు వినపడింది. తల తిప్పకుండా, "ఏ గలగలమ్మా?" అన్నారు.

పాస్టరమ్మగారు నన్ను చూశారు. నేను ఆయన ముఖం చూశాను. ఆయన బుకాయించడం లేదు, మొండికెయ్యడం లేదు. ఆవిడ దేని గురించి అడుగుతున్నారో తెలుసుకోవాలని నిజంగానే చూస్తున్నారు. ఆ చప్పుడు ఆయన వరకు లేనే లేదని నాకు అప్పుడు తెలిసింది.

"ఆపండి" అన్నాను.

"ఇప్పటికే ఆలస్యమైంది, ఏందే..." అంటూ ఆయన హైవే ఎక్కి గేరు మార్చారు. కొద్ది దూరం వెళ్ళామో లేదో ఇంజనులో ఏదో విరిగినట్టు పెద్ద శబ్దమైంది. కారు ఒక్కసారి జెర్కు ఇచ్చి, ఇంజను ఆగిపోయి, జారుతూ వెళ్ళి మట్టి కుప్ప పక్కన నిలబడింది. ఆ శబ్దం మాత్రం ఆయన విన్నారు.

మిగతా ముగ్గురినీ ఒంగోలు బస్సు ఎక్కించి, నేను ఆయనతో ఉండిపోయాను. రోడ్డు దిగువన కల్లంలో ఆడవాళ్ళు మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకు నాకు ఆగకుండా తుమ్ములు వస్తున్నాయి. ఆయన బానెట్ ఎత్తి, ఇంజను ముందు కవరు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. తర్వాత వచ్చి నా పక్కన మట్టి మీద కూర్చున్నారు.

"నిజంగా ముందు నుంచీ వస్తందా?"

"ఏడాది దాటింది."

"నువ్వు విన్నావా?"

"రోజూ వింటున్నాను. పాలావిడ కూడా విన్నది."

"నాకు వినపడ్లా" అన్నారు. "నువ్వు ఊరికే భయపడతన్నావనుకున్నా."

నేను అప్పటికప్పుడు గుర్తొచ్చింది అడిగాను. "కుక్కరు విజిల్ వినపడుతోందా మీకు?"

"మన కుక్కరు విజిల్ వేస్తదా? పాడైందనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. నవ్వాక భయమేసింది. ఆయనా కాస్త నవ్వారు. ఆ తర్వాత గుంటూరు వైపు ఖాళీగా వెళ్తున్న లారీ ఒకటి ఆగింది. తాడు కట్టి మమ్మల్ని చిలకలూరిపేట దాకా లాక్కెళ్ళింది. లారీ వెనక ఆయన బ్రేకు మీద కాలు పెట్టుకుని, తాడు మీద నుంచి చూపు తిప్పకుండా వచ్చారు.

మెకానిక్ ఇంజను పైనుండే హెడ్డు విప్పి దించాక మమ్మల్ని పిలిచి చూపించాడు. వంగిన వాల్వులు న్యూస్‌పేపరు మీద వరసగా పెట్టి ఉన్నాయి. పిస్టన్ల నెత్తిన అవి తగిలిన గుర్తులు పడ్డాయి. కామ్‌షాఫ్టు రెండు ముక్కలైంది. గొలుసు చేతికిస్తే పట్టుకుని చూశాను. అంత బలంగా కనపడే వస్తువు సాగుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. ముందే మార్పిస్తే అయ్యేదానికి ఎన్నో రెట్లు ఖర్చయింది. నేను టీచర్ల సొసైటీలో లోను పెట్టాను. విజయవాడ నుంచి సామాను వచ్చేదాకా కారు షెడ్డులోనే ఉంది. ఆయన రోజూ వెళ్ళి అక్కడే కూర్చునేవారు. మెకానిక్ కొత్త చైను ఎక్కించేటప్పుడు గేర్ల మీద గుర్తులు సరిచూసే పని ఈయనకే ఇచ్చాడట. ఆ సాయంత్రం అన్నం తింటూ నాకు ఆ పని అంతా చెప్పారు. ఆఖర్న, "ఈ శనివారం గుంటూరు పోదాం. చెవుల డాక్టరు దగ్గరికి" అన్నారు. నేను అడగలేదు, ఆయనే అన్నారు.

గుంటూరులో ఆయన్ను ఒక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక మీట పెట్టారు. శబ్దం వినపడ్డప్పుడల్లా నొక్కాలి. అద్దం ఇవతల అమ్మాయి ఒక చక్రం తిప్పుతూ ఉంది. మొదట్లో ఆయన టకటకా నొక్కారు. తర్వాత ఆ అమ్మాయి తిప్పుతూనే ఉంది, ఆయన బొటనవేలు మీట మీద పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి, మిషను ఆగిపోయిందేమోనని అడగడానికి అద్దంలోంచి మా వైపు చూశారు. ఆ అమ్మాయి ఇంకా తిప్పుతోంది.

డాక్టరు ఆయన ఏం పని చేశారని అడిగాడు. జిన్నింగ్ మిల్లు అనగానే తల ఊపాడు. "మోటు శబ్దాలు బాగానే వినపడతాయండీ. సన్నవి పోయాయి. పోయినవి తిరిగి రావు. మిషను పెట్టుకుంటే కొంత నయం."

"ఎప్పట్నుంచి పోయినయ్యండీ?" అని ఆయన అడిగారు.

"అది చెప్పలేం. మెల్లగా పోతాయి. పోయేవాళ్ళకు తెలియదు."

తిరుగు బస్సులో ఆయన నాతో ఒక్కటే మాట అన్నారు. "అయితే మిల్లులో నేను చివర్లో చెప్పినయ్యన్నీ ఏంది?"

ఆ ప్రశ్న ఆయన్ను చాలా రోజులు పట్టి పీడించింది. మిల్లులో ఆయన కింద ఆయిలు పోసే పని చేసినతను బస్టాండు పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్నాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆయన అక్కడ ఆగారు. నేనూ పక్కనే ఉన్నాను.

"చివరి సీజన్లలో నేను చెప్పిన మిషన్లు నిజంగానే పాడై ఉండేయా? నా మాట తీసెయ్యలేక ఊరుకున్నారా?"

అతను వింతగా చూశాడు. "నువ్వెప్పుడు తప్పు చెప్పావన్నా? ప్రతిదాని మీదా చెయ్యేసి చూసి మరీ చెప్పేవోడివి గదా."

"చెయ్యేసా?"

"మొదట్లో గేటు కాణ్ణుంచే చెప్పేవోడివి. తర్వాత్తర్వాత వరసంతా నడుచుకుంటా, ఒక్కోదాన్నీ తాకి చూసుకుంటా పోయేవోడివి. వయసొచ్చి జాగ్రత్త ఎక్కువైందనుకున్నాం."

ఆయన ఇడ్లీ పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చాక, కుర్చీలో కూర్చుని, "చెయ్యేసేవాణ్ణని నాకే తెలియదు" అన్నారు. ఆ తర్వాత ఆ విషయం మళ్ళీ మాట్లాడలేదు. కానీ ఆ రోజు నుంచి మనిషి తేలికపడ్డారు.

చెవి మిషను తెచ్చుకున్నాం. మొదటిరోజు అది పెట్టుకుని నేను మాట్లాడుతుంటే నన్ను ఆపారు. "నీ గొంతు ఇంత సన్నగా ఉంటదా?" అన్నారు. పెళ్ళైనప్పటి నుంచీ ఇదే గొంతు అన్నాను. కాదేమో అన్నట్టు చూశారు. ఇద్దరం అరుచుకోవడం మానేసి మాట్లాడుకోవడానికి కొంతకాలం పట్టింది. ఒక్కోసారి నేనే మర్చిపోయి కేకేస్తే, ఆయన చెవి పట్టుకుని ముఖం చిట్లించేవారు.

కారు నడుపుతూ మాత్రం ఆ మిషను పెట్టుకోలేకపోయారు. గాలి హోరు, హారన్లు అన్నీ కలిసి తలనొప్పి తెప్పించేవి. అది లేకుండా నడపనివ్వడానికి నాకు ధైర్యం లేదు, నడపడానికి ఆయనకూ లేదు. లోను తీరాక కారు అమ్మేశారు. చీమకుర్తి గ్రానైటు క్వారీలో మేనేజరు ఒకాయన కొనుక్కున్నాడు. అమ్మిన రోజు మా ఆయన పెద్దగా బాధపడినట్టు కనపడలేదు. తాళాలిచ్చి, ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చాలో ఆ మేనేజరుకు చెప్పి పంపించారు.

తర్వాత గుంటూరు దారిలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్లు చూసే పనిలో చేరారు. చేరిన వారంలోనే అక్కడి కుర్రాళ్ళందరి చేతా చెవుల్లో దూది పెట్టించారట. వాళ్ళు నవ్వారు, కొందరు తీసేశారు. ఈయన మాత్రం షిఫ్టు మొదట్లో దూది ఉండ పట్టుకుని వాళ్ళ వెంట పడేవారు.

కంప్రెసర్ల రొదకు పనికిరాక చెవి మిషను రానురాను వారమంతా బీరువాలోనే ఉండేది. ఆదివారం చర్చికి మాత్రం పెట్టుకుని వచ్చేవారు. ప్రసంగం అయ్యేదాకా ఉంచుకునేవారు. కీబోర్డు, డ్రమ్ములు మొదలవగానే తీసి చొక్కా జేబులో వేసుకుని, అందరికంటే కాస్త ముందుగానో కాస్త వెనకగానో, గట్టిగా పాడేవారు.